పాత విండోస్‌లో డయల్-అప్ కలవకపోతే: గోడ మీది రోజెట్ నుంచి తెర మీది ఎర్రర్ దాకా

పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి దగ్గర రెండు పాత కంప్యూటర్లు ఇప్పటికీ పనిచేస్తున్నాయి. గోదాములో విండోస్ 98, ఆఫీసులో విండోస్ ఎక్స్‌పీ. బస్తాల లెక్కలు చూసే పాత ప్రోగ్రాం గోదాము కంప్యూటర్లో తప్ప మరెక్కడా నడవదు. రెండింటి మధ్య ఉన్నది ఇంటర్‌కమ్ తీగ ఒక్కటే. సాయంత్రం గోదాము మోడెం (కంప్యూటర్ సమాచారాన్ని శబ్దంగా మార్చి ఫోను తీగ మీద పంపే పరికరం) ఆఫీసు మోడెంకు డయల్ చేస్తుంది, ఆనాటి లెక్క ఫైలు అటు వెళ్తుంది. డయల్-అప్ అంటే ఇదే. పోయిన వానాకాలంలో అది ఆగిపోయింది. “మాస్టారూ, రెండు రోజులుగా సెట్టింగులన్నీ మార్చి చూశాం, కలవడం లేదు” అని ఫోను చేశారు.

‘సెట్టింగులన్నీ మార్చి చూశాం’ అన్న మాటే నన్ను కలవరపెట్టింది. మొదట ఉన్నది ఒక్క లోపం. అన్నీ మార్చాక అవి రెండో మూడో అయి ఉంటాయి. విజయనగరంలో 1999 నుంచి ఆఫీసులకు మోడెంలు బిగిస్తున్నాను. తీగలో తప్పు పెట్టుకుని కంప్యూటర్‌లో వెతకడమే నేను అన్నిటికన్నా ఎక్కువగా చూసిన పొరపాటు. అందుకే ఈ మార్గదర్శి గోడ దగ్గర మొదలవుతుంది. ఒకసారికి ఒకటే మార్చండి. దానివల్ల ఫలితం లేకపోతే ఎప్పటిలా పెట్టేసి తర్వాతి అడుగుకు వెళ్ళండి.

ముట్టుకునే ముందు

ఫోనుతో ప్రతి తెరనూ ఫొటో తీసుకోండి: మోడెం ప్రాపర్టీస్, కనెక్షన్ ప్రాపర్టీస్, నెట్‌వర్క్ పేజీ, డయల్ చేసే నంబరు. పాత హార్డ్ డిస్కు ఎప్పుడు ఆగిపోతుందో చెప్పలేం కాబట్టి ముఖ్యమైన ఫైళ్ళకు నకలు తీసుకోకుండా స్క్రూడ్రైవర్ పట్టుకోకండి. విండోస్ ఎక్స్‌పీలో కనెక్షన్ల వివరాలన్నీ ‘రాస్‌ఫోన్’ అనే పేరుతో, ‘పీబీకే’ అనే పొడిగింపుతో ఒక ఫైలులో ఉంటాయి. వెతికి దాన్నీ కాపీ చేసుకోండి. విండోస్ 98లో అవి రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట) ఉంటాయి కాబట్టి అక్కడ ఫొటోలే ఆధారం.

విండోస్ 98లో ఏ భాగాన్ని మళ్ళీ ఎక్కించినా అది సీడీ అడుగుతుంది. సీడీ పోయి ఉంటే కంగారు పడకండి. సీ డ్రైవులో విండోస్ ఫోల్డరు, అందులో ఆప్షన్స్, అందులో ‘క్యాబ్స్’ అనే ఫోల్డరు ఉందేమో చూడండి. కంపెనీ నుంచి విండోస్ ఎక్కించి వచ్చిన చాలా కంప్యూటర్లలో సీడీలోని ఫైళ్ళు అక్కడే ఉంటాయి.

లైను

మోడెంను పక్కన పెట్టండి. మామూలు ఫోను ఒకటి తెచ్చి, మోడెంలోకి వెళ్ళే అదే తీగకు తగిలించండి. డయల్ టోన్ రావాలి. వచ్చాక ఏదైనా ఒక అంకె నొక్కండి. టోన్ ఆగి కొన్ని సెకన్లు నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ నిశ్శబ్దాన్ని శ్రద్ధగా వినండి, లైను అసలు స్థితి అందులోనే తెలుస్తుంది. చేటలో బియ్యం చెరిగినట్టు గరగర వినిపిస్తే ఎక్కడో అతుకు వదులైంది, లేదా చిలుము పట్టింది. తుమ్మెద రొదలా ఎడతెగకుండా మోగితే తీగ కరెంటు వైరు పక్కన పోతోంది, లేదా ఎక్కడో తడి గోడను తాకుతోంది. మనిషి మాటకు ఆ గరగర అడ్డు కాదు, చెవి సర్దుకుంటుంది. మోడెం సర్దుకోలేదు.

పలాస గోదాములో గరగర స్పష్టంగా వినిపించింది. గోడ మీది రోజెట్ (ఫోను తీగ వచ్చి కలిసే చిన్న పెట్టె) మూత తీశాను. రెండు మరల చుట్టూ ఆకుపచ్చని చిలుము, మూత లోపల చీమలు పెట్టిన మట్టి. ఎర్ర తీగ మర కింద గట్టిగానే ఉన్నట్టు కనిపించింది. వేలితో కదిపితే రాగి పొడిలా రాలి, తీగ చేతిలోకి వచ్చేసింది. తీరానికి దగ్గరగా ఉన్న ఊళ్ళలో ఇది చాలా మామూలు. రెండు అంగుళాలు కత్తిరించి, కొత్తగా పైపొర ఒలిచి, మరలను గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది బిగించాను. గరగర పోయింది.

బయటి టెలిఫోన్ లైను అయితే మల్టీమీటరు చాలా సాయపడుతుంది. రిసీవర్ పెట్టేసి ఉన్నప్పుడు రెండు తీగల మధ్య సుమారు 48 వోల్టుల డీసీ ఉండాలి, ఎత్తినప్పుడు అది 6 నుంచి 12 మధ్యకు పడుతుంది. రింగు వచ్చేటప్పుడు 75 వోల్టులు దాటి ఏసీ వస్తుంది, ఆ సమయంలో ఉత్త తీగలను పట్టుకోకండి. అదే లైనుకు సమాంతరంగా ఉన్న ఫోన్లన్నీ తీసేసి ఒక్క మోడెంతో ప్రయత్నించండి. బ్రాడ్‌బ్యాండ్ కూడా అదే తీగ మీద ఉంటే స్ప్లిటర్ (ఫోనునూ బ్రాడ్‌బ్యాండ్‌నూ విడదీసే చిన్న పెట్టె) ఫోను వైపు నుంచే మోడెంకు తీగ రావాలి. ఇంటి బయట, చూరు కింద, స్తంభం దాకా కంటితో చూస్తూ వెళ్ళండి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చి వెళ్ళాక మెలిపెట్టి టేపు చుట్టి సరిపెట్టిన అతుకులను నేను విప్పుతూనే ఉన్నాను.

ఇప్పుడు చాలా ఇళ్ళకు ఫోను ఫైబర్ పెట్టె నుంచి వస్తోంది. అందులో మాట ప్యాకెట్లుగా మారి వెళ్తుంది. కాల్ పూర్తి నాణ్యతతో సాగితే మోడెం తక్కువ వేగంతో కలవవచ్చు. మాటను కుదించి పంపే పద్ధతిలో అయితే కలవదు, అది మీ సెట్టింగుల తప్పు కాదు.

మోడెం బతికి ఉందా

విండోస్ 98లో కంట్రోల్ ప్యానెల్, మోడెమ్స్, డయాగ్నస్టిక్స్. మోడెం ఉన్న పోర్టును ఎంచుకుని ‘మోర్ ఇన్ఫో’ నొక్కండి. ఎక్స్‌పీలో కంట్రోల్ ప్యానెల్, ఫోన్ అండ్ మోడెం ఆప్షన్స్, మోడెం ప్రాపర్టీస్, డయాగ్నస్టిక్స్, ‘క్వెరీ మోడెం’. జవాబుల జాబితా వస్తే కంప్యూటరుకూ మోడెంకూ మధ్య మాట కలిసినట్టే.

నాకు ఇంతకంటే నమ్మకమైనది హైపర్‌టెర్మినల్, మోడెంకు ఆజ్ఞలను నేరుగా టైపు చేసి పంపే ప్రోగ్రాం. విండోస్ 95 నుంచి ఎక్స్‌పీ దాకా అన్నింటిలోనూ ఉంది, విస్టాతో తీసేశారు. మోడెం పోర్టుకు నేరుగా కలిపి, ఇంగ్లీషు అక్షరాలలో ‘ఏటీ’ అని కొట్టి ఎంటర్ నొక్కండి. ‘ఓకే’ అనాలి. తర్వాత ‘ఏటీడీటీ’ అని కొట్టి, పక్కనే ఇంట్లోని మరో నంబరు కొట్టండి. ఆ ఫోను మోగితే మోడెం, పోర్టు, లైను మూడూ బాగున్నాయి. ఇక లోపం విండోస్ సెట్టింగులలోనో అవతలి వైపో ఉంది. ఈ ఒక్క పరీక్షతో సగం వెతుకులాట తగ్గుతుంది.

మోడెం ‘ఓకే’ అంటూనే ఎప్పుడు డయల్ చేయమన్నా ‘నో డయల్ టోన్’ అంటోంది, ఫోనులో మాత్రం టోన్ చక్కగా ఉంది అనుకోండి. తర్వాతి భాగంలో చెప్పే టోన్ గడి తీసేసినా నంబరు బయటికి వెళ్ళకపోతే, మోడెంలో లైను వైపు భాగం కాలిపోయిందనే అర్థం. పిడుగు పడిన మర్నాడు వచ్చే ఫోన్లలో నేను ఎక్కువగా చూసేది ఇదే. దెబ్బ ఫోను తీగ గుండా వస్తుంది, కంప్యూటర్ వైపు చిప్ మాత్రం బతికే ఉంటుంది. అలాంటి మోడెంకు సెట్టింగుల మందు లేదు, మార్చాల్సిందే. ఉరుము వినగానే కరెంటు ప్లగ్గుతో పాటు ఫోను తీగ కూడా తీసేయండి.

జవాబే రాకపోతే పోర్టుల తగువు చూడండి. పాత కంప్యూటర్లలో కామ్ 1, కామ్ 3 అనే సీరియల్ పోర్టులు రెండూ ఐఆర్‌క్యూ 4 (ప్రాసెసర్‌ను పిలిచే సంకేతపు దారి) వాడతాయి. కామ్ 2, కామ్ 4 రెండూ ఐఆర్‌క్యూ 3 వాడతాయి. సీరియల్ మౌస్ కామ్ 1 మీద, లోపలి మోడెం కామ్ 3 మీద ఉంటే, డయల్ చేస్తుండగా మౌస్ కదిపినప్పుడు కంప్యూటర్ బిగుసుకుపోతుంది. మోడెంను కామ్ 2కో 4కో మార్చండి. ఎందులోకి మార్చినా బోర్డు మీది వాడని కామ్ 2ను బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగులలో) ఆపేయండి. ఏళ్ళ తరబడి బాగా నడిచినది ఒక్కసారిగా ఇలా తిరగబడితే బోర్డు మీది బ్యాటరీ అయిపోయి బయోస్ సెట్టింగులు మొదటికి వచ్చాయేమో చూడండి. తేదీ తప్పుగా చూపించడం దానికి గుర్తు. సీఆర్2032 రకం బ్యాటరీ మీ వీధి గడియారాల దుకాణంలోనే దొరుకుతుంది.

పెట్టె బయట ఉండే సీరియల్ మోడెం అయితే, డ్రైవర్ పోయినా బాధ లేదు. మోడెంల జాబితాలో ‘స్టాండర్డ్ 56000’ రకం ఎంచుకుంటే చాలా వాటికి సరిపోతుంది. కంప్యూటర్ లోపల పీసీఐ కార్డుగా ఉండే చవక రకాలకు ఆ సౌకర్యం లేదు, వాటి పనిలో ఎక్కువ భాగం డ్రైవరే చేస్తుంది. చిప్ మీది పేరు చదివి దానికి తగ్గ డ్రైవరే వెతకాలి.

డయల్ చేసేటప్పుడు

పలాస వాళ్ళు చేసిన రెండో లోపం ఇక్కడ దొరికింది. కలవడం లేదని వాళ్ళు మోడెంను తీసేసి మళ్ళీ ఎక్కించారు. దాంతో పాత సెట్టింగులు పోయి, దేశం అమెరికా అయింది. ‘డయల్ టోన్ వచ్చేదాకా ఆగు’ అనే గడిలో టిక్ వచ్చి చేరింది. మన దేశపు డయల్ టోన్ 400 హెర్ట్జ్ చుట్టూ ఉంటుంది. అమెరికాది 350, 440 రెండూ కలిసిన ధ్వని. ఇంటర్‌కమ్ పెట్టె టోన్ ఈ రెండింటికీ భిన్నంగా ఉండవచ్చు. మోడెం తనకు తెలిసిన టోన్ కోసం ఎదురు చూసి, రాలేదని 680 ఎర్రర్ చూపించి ఊరుకుంది.

దీనికి రెండు పనులు చేయాలి. డయలింగ్ ప్రాపర్టీస్‌లో దేశం ఇండియా అని పెట్టండి. మోడెం ప్రాపర్టీస్‌లో ‘వెయిట్ ఫర్ డయల్ టోన్’ గడిలో టిక్ తీసేయండి. ఈ గడి విండోస్ 98లో ‘కనెక్షన్’ పేజీలో, ఎక్స్‌పీలో ‘మోడెం’ పేజీలో ఉంటుంది. ఇంకా మొండికేస్తే మోడెం ప్రాపర్టీస్‌లోని అదనపు ఆజ్ఞల పెట్టెలో ‘ఎక్స్3’ అని ఇంగ్లీషు అక్షరంతో రాయండి, పని అదే.

నంబరు విషయంలో ఒక్క మాట. ఊరి కోడ్ శ్రీకాకుళానికి 08942, విజయనగరానికి 08922. ఒకే ఊళ్ళో కాల్‌కు కోడ్ కలిసి వెళ్ళకుండా ‘యూజ్ ఏరియా కోడ్’ గడి ఖాళీగా ఉంచి, డయల్ చేయాల్సిన అంకెలన్నీ నంబరు పెట్టెలోనే రాయడం మేలు. ఇంటర్‌కమ్ నుంచి బయటి లైనుకు 0 లేదా 9 కావాలంటే ఆ అంకె, కామా, తర్వాత నంబరు. సాధారణంగా ఒక్కో కామా రెండు సెకన్లు ఆగుతుంది. లైను ఆలస్యంగా దొరికే చోట రెండు కామాలు పెట్టండి.

చెవితో వినండి

మోడెం స్పీకర్ మూసేయకండి. నేను ఎర్రర్ చదవడానికి ముందే శబ్దం విని సగం చెప్పగలను, నెల రోజులు వింటే మీరూ చెప్పగలరు. టోన్, అంకెలు, రింగు, అవతలి మోడెం కూత, ఆ తర్వాత రెండూ కలిసి బుస్సుమనే పొడవైన చప్పుడు, చివరికి నిశ్శబ్దం. ఎక్కడ ఆగిందో గమనించి దాన్నిబట్టి ఎర్రర్ నంబరు చదవండి.

అంకెలే వెళ్ళకపోతే 680. రింగు అయి ఎవరూ ఎత్తకపోతే 678, అవతలి మోడెం ఆపి ఉంది. లైను ఖాళీ లేకపోతే 676. పోర్టును మరో ప్రోగ్రాం పట్టుకుని ఉంటే 602 లేదా 633. ఇందాక తెరిచిన హైపర్‌టెర్మినల్‌ను మూయడం మరిచిపోయారేమో ముందు చూడండి. పాత ఫ్యాక్స్ ప్రోగ్రాంలు కూడా తెర వెనుక ఇదే పని చేస్తాయి.

బుస్సుమనే శబ్దం మళ్ళీ మళ్ళీ వచ్చి ఆగిపోతే, లేదా కలిసిన నిమిషంలో 629తో తెగిపోతే, మళ్ళీ లైను దగ్గరికే వెళ్ళండి. పలాసలో అసలు మొదలైన జబ్బు ఇదే. లైను బాగుచేయడం మన చేతిలో లేనప్పుడు వేగం తగ్గించండి. చాలా మోడెంలలో అదనపు ఆజ్ఞల పెట్టెలో ఇంగ్లీషు అక్షరాలతో ‘ప్లస్ గుర్తు, ఎంఎస్, సమాన గుర్తు, వి34’ అని వరుసగా రాస్తే అది సెకనుకు 33.6 కిలోబిట్‌లకు మించదు. వి32 అని రాస్తే ఇంకా కిందికి దిగుతుంది. తొందరగా కలిసి తరచూ తెగే లైను కన్నా, నెమ్మదిగా కలిసి నిలబడే లైనే మనకు కావాలి. ఒక కాల్ నడుస్తుండగా మరో కాల్ వస్తే టిక్కుమని వినిపించే సదుపాయం లైనుకు ఉంటే దాన్ని తీయించేయండి, ఆ టిక్కుకే కలిసిన లైను తెగుతుంది.

శబ్దమంతా సవ్యంగా పూర్తయి, ‘యూజర్ నేమ్ సరిచూస్తున్నాం’ అని తెర మీద వచ్చాక ఆగితే తీగను మరిచిపోండి. 691 అంటే పేరో పాస్‌వర్డో తప్పు, లేదా అవతల ఆ పేరుకు డయల్ అనుమతి లేదు. క్యాప్స్ లాక్ చూసుకుని పాస్‌వర్డ్‌ను చేత్తో మళ్ళీ టైపు చేయండి, గుర్తుంచుకున్న దాన్ని నమ్మవద్దు. 718, 721 అంటే అవతలి వైపు ఎత్తింది కానీ పీపీపీ (ఫోను లైను మీద రెండు కంప్యూటర్లు మాట్లాడుకునే పద్ధతి) సంభాషణ సాగలేదు. 720 అంటే ఇరువైపులా కలిసే ప్రోటోకాల్ (సమాచారం పంపుకునే నియమాలు) లేదు.

విండోస్‌లో ఏం చూడాలి

విండోస్ 98లో మై కంప్యూటర్ తెరిచి, డయల్-అప్ నెట్‌వర్కింగ్ ఫోల్డరులో మీ కనెక్షన్ మీద కుడి క్లిక్ చేసి ‘సర్వర్ టైప్స్’ పేజీకి వెళ్ళండి. పైన పీపీపీ ఉండాలి. కింద మూడు ప్రోటోకాల్‌లలో టీసీపీ/ఐపీ ఒక్కటే టిక్‌తో ఉంచి, నెట్‌బీయూయీ, ఐపీఎక్స్ తీసేయండి; అవి ఉంటే జవాబు రాని ప్రశ్నలు అడుగుతూ సమయం తింటాయి. ‘లాగాన్ టు నెట్‌వర్క్’ విండోస్ ఎన్‌టీ డొమైన్ (ఖాతాలన్నీ ఒకే సర్వర్‌లో ఉండే పద్ధతి) ఉన్న ఆఫీసులకే అవసరం. ‘రిక్వైర్ ఎన్‌క్రిప్టెడ్ పాస్‌వర్డ్’, సాఫ్ట్‌వేర్ కంప్రెషన్, ఈ రెండూ ఒక్కొక్కటిగా తీసి చూడండి.

720 పట్టుకుంటే కంట్రోల్ ప్యానెల్‌లో నెట్‌వర్క్ తెరవండి. డయల్-అప్ అడాప్టర్, దానికి కట్టిన టీసీపీ/ఐపీ తీసేసి, కంప్యూటర్‌ను మళ్ళీ స్టార్టు చేసి, రెండూ తిరిగి చేర్చండి. ఇందాక చెప్పిన క్యాబ్స్ ఫోల్డరు అవసరం ఇక్కడే. ఎక్స్‌పీలో టీసీపీ/ఐపీని తీయడం కుదరదు. కమాండ్ ప్రాంప్ట్‌లో ‘నెట్‌ష్ ఇంట్ ఐపీ రీసెట్’, పక్కన ఒక లాగ్ ఫైలు పేరు ఇంగ్లీషులో కొట్టి మళ్ళీ స్టార్టు చేయండి. ఎక్స్‌పీలో ‘టెలిఫోనీ’, ‘రిమోట్ యాక్సెస్ కనెక్షన్ మేనేజర్’ అనే సర్వీసులు ఆగిపోయి ఉన్నా ఏదీ కలవదు.

విండోస్ 98లో చాలామందిని ఏడిపించే విషయం ఒకటుంది. ‘సేవ్ పాస్‌వర్డ్’ గడి మసకగా మారి టిక్ పడనివ్వదు. కంప్యూటర్ మొదలైనప్పుడు పేరు అడిగే పెట్టెను ఎస్కేప్ నొక్కి దాటేస్తే ఇలా అవుతుంది, అవతలి ఫోల్డర్లు కూడా తెరుచుకోవు. ప్రతిసారీ పేరు కొట్టి లోపలికి వెళ్ళండి. నెట్‌వర్క్ జాబితాలో ‘క్లయింట్ ఫర్ మైక్రోసాఫ్ట్ నెట్‌వర్క్స్’ ఉందో లేదో చూడండి.

కాల్ తీసుకునే వైపు

డయల్ చేసే వైపునే సరిచేస్తూ కూర్చుని అవతలి కంప్యూటర్‌ను చూడని వాళ్ళే ఎక్కువ. ఎక్స్‌పీలో న్యూ కనెక్షన్ విజార్డ్ తెరిచి, అడ్వాన్స్‌డ్ కనెక్షన్ ఎంచుకుని, ‘యాక్సెప్ట్ ఇన్‌కమింగ్ కనెక్షన్స్’ అనండి. మోడెంకు టిక్ పెట్టి, లోపలికి రావాల్సిన పేరుకు టిక్ పెట్టండి. ఆ ఖాతాకు పాస్‌వర్డ్ తప్పక ఉండాలి. ‘పాస్‌వర్డ్‌లు, డేటా భద్రంగా ఉండాలి’ అని బలవంతపెట్టే గడిలో టిక్ ఉంటే విండోస్ 98 లోపలికి రాలేకపోవచ్చు. తర్వాత టీసీపీ/ఐపీ ప్రాపర్టీస్‌లో చిరునామాలు మీరే ఇవ్వండి, ఉదాహరణకు 192.168.5.10 నుంచి 192.168.5.20 దాకా. ఆఫీసులో ఇప్పటికే వాడుతున్న వరుస మాత్రం ఇవ్వకండి.

కాల్ తీసుకునేది విండోస్ ఎన్‌టీ 4 సర్వర్ అయితే యూజర్ మేనేజర్‌లో ఆ పేరు కింద డయల్-ఇన్ అనుమతి ఇవ్వాలి. విండోస్ 2000 సర్వర్‌లో ఆ ఖాతా ప్రాపర్టీస్‌లో ‘డయల్-ఇన్’ పేజీలో ఉంటుంది. బయటి లైను మీద కాల్ తీసుకునే కంప్యూటర్‌కు తిరిగి ఫోను చేసే పద్ధతి పెట్టండి. మనం ఇచ్చిన నంబరుకే అది కాల్ చేస్తుంది కాబట్టి పాస్‌వర్డ్ బయటపడినా ఇతరులు రాలేరు.

కలిసింది కానీ ఫైలు వెళ్ళడం లేదు

విండోస్ 98లో ‘విన్‌ఐపీసీఎఫ్‌జీ’, ఎక్స్‌పీలో ‘ఐపీకాన్ఫిగ్’ నడిపి చిరునామా వచ్చిందో లేదో చూడండి. 169.254తో మొదలైతే అవతలి వైపు సరైన చిరునామా ఇవ్వలేదు. వచ్చి ఉంటే అవతలి చిరునామాకు పింగ్ (జవాబు వస్తుందో చూసే ఆజ్ఞ) చేయండి. పింగ్ వెళ్ళి, పేరుతో ఫోల్డరు తెరుచుకోకపోతే, పేరుకు బదులు అంకెల చిరునామాతో తెరవండి. ఎక్స్‌పీ రెండో సర్వీస్ ప్యాక్‌తో వచ్చిన ఫైర్‌వాల్ ఫైల్ షేరింగ్‌ను అడ్డుకుంటుంది, దానికి మినహాయింపు ఇవ్వండి. ఈ పాత వ్యవస్థలను ఇంటర్నెట్‌కు మాత్రం తగిలించకండి. విండోస్ 98కు 2006 జూలైలో, ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లో భద్రతా సవరణలు ఆగిపోయాయి.

వేగం గురించి తప్పు ఆశ పెట్టుకోకండి. రెండు మామూలు మోడెంల మధ్య గరిష్ఠం 33.6 కిలోబిట్‌లే. పెట్టె మీద రాసే 56 రావాలంటే అవతలి చివర ఎక్స్ఛేంజికి డిజిటల్ లైను ఉండాలి. ఒక మెగాబైటుకు అయిదు నిమిషాలు అనుకోండి. ఫైళ్ళను జిప్ చేసి పంపండి.

ఇవన్నీ చూశాక కూడా అంతు చిక్కకపోతే మోడెం లాగ్ చదవండి. ఎక్స్‌పీలో డయాగ్నస్టిక్స్ పేజీలో, 98లో కనెక్షన్ పేజీలోని అడ్వాన్స్‌డ్ కింద ‘వ్యూ లాగ్’ ఉంటుంది. మోడెంకు విండోస్ ఏమి చెప్పిందో, మోడెం ఏమని బదులిచ్చిందో సెకన్లతో సహా అందులో ఉంటుంది. కింది నుంచి పైకి చదవండి, తెగిన క్షణం అడుగునే ఉంటుంది.

పలాసలో చివరికి మార్చినవి మూడే: రోజెట్‌లో రెండు తీగల కొనలు, దేశం పేరు, ఒక గడిలో టిక్. ఆ సాయంత్రం ఏడు దాటాక గోదాములో డయల్ నొక్కితే మూడో రింగుకు ఆఫీసు మోడెం ఎత్తింది. తెర మూలన వేగం 31,200 అని కనిపించింది. రోజెట్ మూత బిగించే ముందు మరల మీద కొంచెం గ్రీజు రాసి, లోపలి చీమల మట్టిని కుంచెతో దులిపి వచ్చాను.